సర్వర్ కొంటానంటే అమ్మ వద్దంటోంది

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్లుగా డెస్క్‌టాప్ సపోర్ట్ చేస్తున్నాను. డాక్టర్లు పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ చేయడం, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీయడం, ఇదే పని. సర్వర్ల వైపు వెళ్లాలని ఉంది. వర్చువలైజేషన్ (ఒకే యంత్రాన్ని పలు యంత్రాలుగా నడపడం) నేర్చుకోవడానికి ఇంట్లోనే ల్యాబ్ పెట్టుకుందామని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ డెల్ ఆర్720 సర్వర్ చూశాను. రెండు జియాన్ ప్రాసెసర్లు, 128 జీబీ ర్యామ్, 38 వేలు చెప్పాడు. రెండు వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. ఇంట్లో చెబితే అమ్మ, 'మనకు సున్నా బిల్లు వస్తోంది, అది కాస్తా పోతుంది' అని గొడవ. మా బావ మాత్రం ఇదంతా ఎందుకు, క్లౌడ్‌లో చేసుకో అంటున్నాడు. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. సర్వర్ తీసుకోవాలా వద్దా? ఈ పనికి వాడే సాఫ్ట్‌వేర్లలో వీఎంవేర్ నేర్చుకోవాలా, ప్రాక్స్‌మాక్సా? కొంచెం వివరంగా చెప్పండి.

సమాధానం:

తమ్ముడూ,

మీ అమ్మగారి మాటతోనే మొదలుపెడతాను. నీ ఉత్తరంలో ఉన్న ముగ్గురిలో లెక్క సరిగ్గా వేసింది ఆవిడే.

ఆర్720 లాంటి రెండు ప్రాసెసర్ల సర్వర్ ఏ పనీ లేకుండా ఊరికే కూర్చున్నా వంద నుంచి నూటయాభై వాట్ల దాకా లాగుతుంది. మధ్యరకంగా 130 అనుకో. రాత్రీపగలూ నడిస్తే నెలకు దాదాపు 94 యూనిట్లు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చేది 200 యూనిట్ల వరకే. అది దాటితే, దాటినవాటికి మాత్రమే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. మీ ఇంట్లో ఇప్పుడు నెలకు 110 యూనిట్లు కాలుతున్నా చాలు, సర్వర్ వచ్చిన నెలే గీత దాటేస్తారు. పైగా ఆ 130 వాట్లూ చివరికి వేడిగా మారి గదిలోనే ఉంటాయి. మే నెలలో హనుమకొండలో ఆ గదిలో ఎవరు పడుకుంటారు?

చప్పుడు సంగతి షాపువాడు చెప్పి ఉండడు. సీటీసీ రద్దీలో నీకు వినపడీ ఉండదు. ర్యాక్ సర్వర్లు మనుషులు పడుకునే గదుల కోసం తయారు చేసినవి కావు. స్విచ్ వేయగానే లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంటాయి, తర్వాత తగ్గుతాయి. కానీ ఆ 'తగ్గడం' కూడా పక్కింట్లో పిండి గిర్ని నడుస్తున్నట్టే ఉంటుంది. నేనూ ఒకప్పుడు ఇలాంటిదే ఒకటి కొన్నాను. మెట్ల కింద పెట్టాను. పదకొండు రోజులు నడిపాను. తర్వాత ఏడాదిన్నర పాటు దాని మీద మా ఆవిడ పాత పేపర్లు పేర్చింది.

128 జీబీ అనే అంకె నిన్ను లాగిందని నాకు తెలుసు, నన్నూ అదే లాగింది. ఆర్720 2012లో వచ్చిన మోడల్. దాని ర్యామ్ డీడీఆర్3 రిజిస్టర్డ్ రకం. రేపు ఆ బోర్డు పోతే ఆ ర్యామ్ తీసి మామూలు పీసీలో పెట్టుకుందామన్నా కుదరదు. దాని రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి నడిపే కార్డు) డిస్కులను నేరుగా చూడనివ్వదు. జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులను తానే నేరుగా చూసుకునే ఫైల్ సిస్టమ్) లాంటిది నేర్చుకుందామనుకుంటే ముందు ఆ కార్డుతో కుస్తీ పట్టాలి. డిస్కులు పెట్టే ట్రేలు కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. ఇదంతా నేర్చుకోదగ్గదే, కాదనను. డేటా సెంటర్‌లో పనిచేయాలనుకునేవాడికి నడుస్తున్న సర్వర్ నుంచి డిస్కు లాగి కొత్తది పెట్టడం, కీబోర్డు లేకుండా ఐడ్రాక్ ద్వారా దూరం నుంచి స్విచ్ ఆన్ చేయడం తెలిసుండాలి. కానీ దానికి ఒక పూట చాలు. మీ ఆసుపత్రిలోనూ సర్వర్ రూమ్ ఉంటుంది కదా. అక్కడి సీనియర్‌ను అడిగి ఒక ఆదివారం మెయింటెనెన్స్‌కి తోడు వెళ్లు. టీ ఖర్చు నీది.

మీ బావ మాటలో తప్పు లేదు, అయితే అది వేరే ప్రశ్నకు జవాబు. క్లౌడ్‌లో నువ్వు కిరాయిదారువి. తాళంచెవి ఇస్తారు, గోడలో పైపులు ఎటు పోతున్నాయో చూడనివ్వరు. వర్చువలైజేషన్ నేర్చుకోవడం అంటే ఆ పైపులు వేయడం నేర్చుకోవడం. ఒకే డబ్బాలో పది మెషిన్లు ఎలా ఇముడుతున్నాయి, ఒకదాని నెట్‌వర్క్ ఇంకొకదానికి ఎలా చేరుతోంది, డిస్కు నిండితే ముందు ఏది పడిపోతుంది, ఇవన్నీ ఇంటి యజమానికే తెలుస్తాయి. అవి తెలిశాక క్లౌడ్‌కి వెళితే అక్కడ ప్రతి మెనూ వెనకాల ఏముందో నీకు ఊహ ఉంటుంది. క్లౌడ్‌లో ఆపడం మర్చిపోయిన మెషిన్‌కి కార్డు మీద పడే బిల్లు సంగతి మీ బావకు అనుభవమో కాదో అడుగు.

మరి ఏం చేయాలి? ముందు ఏమీ కొనకు. కొంటే, కుదిరితే ఆ ల్యాప్‌టాప్‌కి ఇంకో 8 జీబీ ర్యామ్ మాత్రం కొను.

ల్యాబ్‌లో ముందు కొరత వచ్చేది ర్యామ్‌కే, ప్రాసెసర్‌కి కాదు. పెళ్లి భోజనాల బంతిలో వడ్డించేవాళ్లు నలుగురు ఉన్నా నలభై మందికి సరిపోతారు, ఎందుకంటే అందరూ ఒకేసారి సాంబారు అడగరు. ప్రాసెసర్ అలాంటిది. ఆరు కోర్ల మీద పదిహేను వీఎంలు (వర్చువల్ మెషిన్లు) హాయిగా నడుస్తాయి, ఎక్కువ సేపు అవి ఖాళీగానే ఉంటాయి కనుక. ర్యామ్ మాత్రం విస్తరి. కూర్చున్న ప్రతివాడికీ ఒకటి వేయాల్సిందే, తిన్నా తినకపోయినా.

ల్యాప్‌టాప్‌లో విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ 'ఎనేబుల్డ్' అని ఉందో లేదో చూడు. లేకపోతే బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి ఆన్ చేయాలి. ఆ ఒక్క మీట వెనక పెద్ద కథే ఉంది. ఒక యంత్రాన్ని పది యంత్రాలుగా చూపించడం ఐబీఎం పెద్ద కంప్యూటర్లలో 1970ల నాటికే నడిచింది, 1972లో వచ్చిన వీఎం/370 దాని పేరు. మన పీసీల్లో వాడే ఎక్స్86 ప్రాసెసర్ మాత్రం దీనికి అనుకూలంగా తయారైంది కాదు. కొన్ని సూచనలను లోపలి మెషిన్ నడిపితే, పైన కాపలా ఉన్న హైపర్‌వైజర్‌కి (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్‌కి) తెలియకుండానే తప్పు ఫలితంతో జారిపోయేవి. 1999లో వీఎంవేర్ వాళ్లు అలాంటి సూచనలను నడుస్తుండగానే పట్టుకుని తిరగరాసే ఉపాయంతో పని జరిపించారు. 2005లో ఇంటెల్, ఆ మరుసటి ఏడాది ఏఎండీ ప్రాసెసర్‌లోనే ఆ ఏర్పాటు పెట్టేశాయి. దాని ఆధారంగానే కేవీఎం అనే హైపర్‌వైజర్ పుట్టి, 2007లో లినక్స్ కెర్నల్‌లో చేరింది. ప్రాక్స్‌మాక్స్ లోపల ఇంజిన్ అదే. నువ్వు బయోస్‌లో ఆన్ చేసేది ఆ 2005 నాటి ఏర్పాటునే.

తర్వాత వర్చువల్‌బాక్స్ గానీ, వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో గానీ వేసుకో. రెండోది 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితం. వర్చువల్‌బాక్స్‌లో కింద మూల పచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే కంగారు పడకు. విండోస్ తన సొంత హైపర్‌వైజర్‌ని ముందే నడుపుతోందని, అందుకే నీ వీఎం నత్తనడక నడుస్తోందని దాని అర్థం. విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటిగ్రిటీ అనేది ఆన్‌లో ఉన్నా ఇలాగే అవుతుంది. దాన్ని ఆపితే వేగం వస్తుంది కానీ కాపలా కూడా ఒకటి తగ్గుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ముట్టుకోకు.

డెస్క్‌టాప్ లేని డెబియన్ గానీ ఉబుంటు సర్వర్ గానీ ఒక్కొక్కదానికి 1 జీబీ ఇచ్చి మూడు లేపు. ఒకదాంట్లో డీఎన్‌ఎస్ (పేరు చెబితే ఐపీ నంబర్ ఇచ్చేది), ఒకదాంట్లో వెబ్ సర్వర్, ఒకదాంట్లో డేటాబేస్. మూడూ పేర్లతో ఒకదాన్నొకటి పిలుచుకోవాలి, ఐపీ నంబర్లతో కాదు. ఇది చేయడానికి నీకు రెండు వారాలు పట్టిందంటే సరైన దారిలోనే ఉన్నట్టు. ఒక్క సాయంత్రంలో అయిపోయిందంటే ఎక్కడో వీడియో చూసి కాపీ కొట్టావని అనుమానిస్తాను.

ర్యామ్ చాలక నిజంగా చిరాకు పుట్టిన రోజున సీటీసీకి వెళ్లు. అప్పుడు అడగాల్సింది ర్యాక్ సర్వర్ కాదు. ఆఫీసుల నుంచి వచ్చే అరచేతి కంటే కాస్త పెద్ద డబ్బాలు ఉంటాయి: డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. ఎనిమిదో తరం ఐ5-8500టి ఉన్నది దొరికితే ఆరు కోర్లు, రెండు ర్యామ్ స్లాట్లు, ఒక ఎన్‌వీఎంఈ డిస్కు, పక్కన ఇంకో 2.5 అంగుళాల డిస్కు. పని లేనప్పుడు పది పన్నెండు వాట్లు మించదు, అంటే నెలకు తొమ్మిది యూనిట్లు. అమ్మగారికి చెప్పడానికి ఈ అంకె చాలు. ఇంకో చిట్కా: విండోస్ 11 ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లను ఒప్పుకోదు, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందువల్ల ఆరు, ఏడు తరాల మినీ పీసీలు ఆఫీసులకు బరువైపోయాయి. వాటి మీద ప్రాక్స్‌మాక్స్ చక్కగా నడుస్తుంది, నాలుగు కోర్లు నీకు చాలు. బేరం గట్టిగా ఆడు. ర్యామ్ 32 జీబీ వేయిస్తే మంచిదే, కానీ ఈమధ్య దాని ధర బాగా మండుతోంది. 16తో మొదలుపెట్టినా నష్టం లేదు. ఒకే స్టిక్‌గా తీసుకుంటే రెండో స్లాట్ ఖాళీగా ఉంటుంది.

వీఎంవేరా, ప్రాక్స్‌మాక్సా అన్నావు. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ని కొన్నాక ఆ ప్రపంచం తలకిందులైంది. 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్ఎక్స్ఐ (వీఎంవేర్ హైపర్‌వైజర్) తీసేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. ఆ ఉచితదాన్ని వీసెంటర్‌కి (చాలా సర్వర్లను ఒకేచోటి నుంచి నడిపే సాధనానికి) కలపనివ్వరు. వీసెంటర్ లేకపోతే, నడుస్తున్న వీఎంని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి ఆపకుండా మార్చే వీమోషన్ నేర్చుకోలేవు. పోనీ ఎలాగోలా వీసెంటర్ సంపాదించినా, దాని అతి చిన్న సైజుకే 14 జీబీ ర్యామ్ కావాలి. ప్రాక్స్‌మాక్స్‌లో అదే పని లైవ్ మైగ్రేషన్ పేరుతో డబ్బు కట్టకుండానే దొరుకుతుంది. వీఎంవేర్‌లో డేటాస్టోర్ అనేదాన్ని (వీఎంల డిస్కులు ఉండే చోటు) ఇక్కడ స్టోరేజ్ అంటారు, వీస్విచ్‌ని (వీఎంలను నెట్‌వర్క్‌కి కలిపేది) బ్రిడ్జ్ అంటారు. పెద్ద కంపెనీల్లో వీఎంవేర్ ఇంకా ఉంది, ఇంటర్వ్యూలో అడుగుతారు. అడిగేది మాత్రం ఏ బటన్ ఎక్కడుందని కాదు, హోస్ట్ (వీఎంలను మోసే అసలు మెషిన్) పడిపోతే వీఎంలు ఏమవుతాయని. ప్రాక్స్‌మాక్స్ నేర్చుకో. ఈఎస్ఎక్స్ఐని తర్వాత ఒక వారం చూడు, చాలు. అమీర్‌పేటలో ఎవరైనా నలభై రోజుల్లో రెండూ నేర్పుతామంటే ఆ డబ్బుతో ర్యామ్ కొనుక్కో.

ప్రాక్స్‌మాక్స్ వేయడం అరగంట పని. తర్వాత బ్రౌజర్‌లో ఆ మెషిన్ ఐపీ, చివర 8006 పోర్టు కొడితే పేజీ తెరుచుకుంటుంది. లాగిన్ అయిన ప్రతిసారీ సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక పెట్టె వస్తుంది. అది దొంగ సాఫ్ట్‌వేర్ అని కాదు, టెన్షన్ పడకుండా ఓకే కొట్టు. అప్‌డేట్లు రావాలంటే సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేని రిపాజిటరీకి (అప్‌డేట్లు దొరికే చోటికి) మార్చుకోవాలి, మొదటి రోజే ఆ పని చెయ్యి. ఐపీ నంబర్‌ని రౌటర్ పంచే పరిధికి బయట పెట్టు. దాన్ని ఒక కాగితం నోటుబుక్‌లో రాసుకో. కాగితం అని ఎందుకన్నానో చెబుతాను.

ల్యాబ్ కొంచెం చేతికొచ్చాక నాకు పొగరు పుట్టింది. ఇంటి రౌటర్ పనిని కూడా ఒక వీఎంకి అప్పగించాను. ఇల్లంతా దాని ద్వారానే నెట్. రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఒక ఆదివారం సాయంత్రం హోస్ట్‌ని అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొట్టాను, లేవలేదు. హాల్లో మా మామగారు క్రికెట్ చూస్తున్నారు, చివరి నాలుగు ఓవర్లు. టీవీ ఆగింది, ఫోన్ల వైఫై ఆగింది. ఎలా బాగుచేయాలో రాసిపెట్టుకున్న నోట్స్ కూడా ఆ మెషిన్‌లోనే ఇంకో వీఎంలో ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. కాబట్టి ఆరు నెలల దాకా నీ ల్యాబ్ పడిపోయినా ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. ల్యాబ్ నెట్‌వర్క్ వేరు, ఇంటి నెట్ వేరు.

నీకు నేనిచ్చే అసలు హోంవర్క్ యాక్టివ్ డైరెక్టరీ, అంటే ఆఫీసులో అందరి లాగిన్లనూ ఒకచోట ఉంచే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు. మూడేళ్లుగా రోజూ పాస్‌వర్డ్‌లు రీసెట్ చేస్తున్నావు, ఆ బటన్ వెనక ఏముందో చూసే అవకాశం ఎప్పుడైనా వచ్చిందా? విండోస్ సర్వర్ మూల్యాంకన కాపీ మైక్రోసాఫ్ట్ దగ్గర 180 రోజులకు ఉచితం, విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ 90 రోజులకు. ఒక సర్వర్ వీఎం, ఒక క్లయింట్ వీఎం, ఒక్కొక్కదానికి 4 జీబీ. వేగం కోసం డిస్కుని వర్ట్‌ఐఓ రకంగా పెట్టుకుంటే, ఇన్‌స్టాల్ మొదలుపెట్టగానే విండోస్‌కి డిస్కే కనిపించదు. నువ్వు డిస్కు పెట్టలేదని కాదు, ప్రాక్స్‌మాక్స్ ఇచ్చే వర్ట్‌ఐఓ డిస్కుకి విండోస్ దగ్గర డ్రైవర్ లేదు. వర్ట్‌ఐఓ ఐఎస్ఓని రెండో సీడీగా తగిలించి డ్రైవర్ చూపించాలి. ఇక్కడ సగం మంది ఆగిపోయి ఐడీఈ డిస్కు పెట్టేసుకుంటారు, తర్వాత నెమ్మదిగా ఉందని వాపోతారు.

సర్వర్‌ని డొమైన్ కంట్రోలర్ (ఆ లాగిన్లను సరిచూసే సర్వర్) చేశాక క్లయింట్‌ని డొమైన్‌లో చేర్చబోతే, డొమైన్ దొరకలేదంటుంది. పింగ్ వెళుతుంది, కేబుల్ బాగుంది, ఫైర్‌వాల్ ఆపినా అదే మాట. నువ్వు రాత్రి ఒంటిగంట దాకా తలపట్టుకుంటావు. కారణం ముందే చెప్పేస్తున్నాను, అయినా నువ్వు ఇందులో పడతావు: క్లయింట్‌లో డీఎన్‌ఎస్ ఇంటి రౌటర్‌ని చూపిస్తోంది. నీ డొమైన్ ఎక్కడుందో రౌటర్‌కి ఏం తెలుసు? డీఎన్‌ఎస్‌గా డొమైన్ కంట్రోలర్ ఐపీ పెట్టగానే ఒక్క క్షణంలో చేరిపోతుంది. మర్నాడు ఆసుపత్రిలో ఎవరి కంప్యూటరో లాగిన్ కావడం లేదంటే, నీ చెయ్యి మౌస్ మీదికి కాకుండా ముందు ఐపీ వివరాల మీదికి వెళుతుంది. ఆ అలవాటు కోసమే ఈ హోంవర్క్.

క్లస్టర్ (ఒకటిగా పనిచేసే మెషిన్ల గుంపు) కోసం మూడు మెషిన్లు కొననక్కర్లేదు. ప్రాక్స్‌మాక్స్ లోపలే మూడు ప్రాక్స్‌మాక్స్ వీఎంలు పెట్టుకోవచ్చు, సీపీయూ రకం 'హోస్ట్' అని ఎంచుకుంటే లోపల మళ్లీ వీఎంలు నడుస్తాయి. ముందు రెండింటితోనే కట్టి ఒకదాన్ని ఆపేసి చూడు. మిగిలినది బతికే ఉంటుంది కానీ కొత్త వీఎంని లేపనంటుంది, ఏ మార్పూ ఒప్పుకోదు. రెండింటిలో ఒకటి మెజారిటీ కాదు కదా. మూడోదాన్ని చేర్చి మళ్లీ ఒకటి ఆపు. ఈసారి ఎందుకు నడిచిందో మీ అమ్మగారికి అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇంటర్వ్యూలో ఎవరికైనా చెప్పగలవు.

స్నాప్‌షాట్‌ని (వీఎం ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచడం) బ్యాకప్ అనుకోవద్దు. అది అదే డిస్కు మీద ఉంటుంది, డిస్కు పోతే రెండూ పోతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఉన్న జాగా కంటే ఎక్కువ జాగా వీఎంలకు మాట ఇచ్చే పద్ధతి ఒకటుంది, ప్రాక్స్‌మాక్స్ మామూలుగా వేసుకునేది అదే. స్నాప్‌షాట్లు తీసి మర్చిపోతే ఆ జాగా నిశ్శబ్దంగా నిండుతుంది. నూరు శాతం నిండిన రోజు ఒక వీఎం కాదు, దాని మీదున్నవన్నీ ఒక్కసారే ఆగుతాయి. నెలకోసారి ఒక వీఎంని కావాలనే చెరిపేసి, బయటి డిస్కులో ఉన్న బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకో. ఎన్ని నిమిషాలు పట్టిందో నోటుబుక్‌లో రాయి. ఆ నిమిషాల లెక్క నీ రెజ్యూమేలో పెట్టదగ్గది.

కరెంటు పోవడం గురించి: ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూడు, ఆ మోడ్‌లో మార్పిడి త్వరగా జరుగుతుంది. అయినా రీస్టార్ట్ అవుతుంటే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టు. బయోస్‌లో కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టుకోవచ్చు.

ఇక ఆ రెండు వేలు. శనివారం వెళ్లి, సర్వర్ వద్దు, అదే అడ్వాన్స్‌తో మినీ పీసీ ఇమ్మని అడుగు. కళ్ల ముందే ఆన్ చేయించి బయోస్‌లోకి వెళ్లు. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేయి, పాత ఆఫీసువాళ్లు తాళం వేసి అమ్మేశారన్నమాట. లోపల వర్చువలైజేషన్ మీటలు రెండు వేర్వేరుగా ఉంటాయి, వీటీ-ఎక్స్, వీటీ-డి. రెండూ ఉన్నాయో చూడు. లినక్స్ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకెళ్లి అక్కడే బూట్ చేసి, ఎస్ఎస్‌డీ ఆరోగ్యం ఎంత మిగిలిందో స్మార్ట్ వివరాల్లో (డిస్కు తన గురించి తానే రాసుకునే లెక్కల్లో) చూడు. ల్యాన్ కేబుల్ పెట్టించి లైటు వెలుగుతోందా చూడు. ఈ డబ్బాలకు కరెంటు ల్యాప్‌టాప్ ఛార్జర్ లాంటి అడాప్టర్‌తో వస్తుంది, డెల్ డబ్బాకి డెల్‌దే కావాలి. మన షాపుల్లో దాన్ని విడిగా అమ్మడం అలవాటు, ధర మాట్లాడేటప్పుడే అందులో కలిపి మాట్లాడు.